జాగ్రత్తయ్య ఎదురు ఉతుకు

జాగ్రత్తయ్య అసలు పేరు ఆయన పింఛను కాగితాల్లో ఉంది. మిగతా లోకానికి ఆయన జాగ్రత్తయ్యే. ముప్పై మూడేళ్ళు రోడ్ల శాఖలో బోర్డులు రాశాడు. ముందు మలుపు, జాగ్రత్త. ముందు గొయ్యి, జాగ్రత్త. ముందు బడి, జాగ్రత్త. ఊళ్ళో సగం మంది తను చెప్పబట్టే ప్రాణాలతో ఉన్నారని ఆయన నమ్మకం. ఇంట్లో ఉన్న ఒక్క మనిషి మాత్రం ఆ నమ్మకంలో వాటా తీసుకోలేదు.

ఆ ఒక్క మనిషి ఆయన భార్య. స్వెట్టర్లు అల్లే కార్ఖానాలో పదకొండేళ్ళు బల్ల ముందు నిలబడి దారాలు కత్తిరించి, పోయిన నెలే తనిఖీ విభాగానికి ఇన్‌ఛార్జి అయింది. ఆయన రిటైరైందీ ఆ నెలలోనే. ఒకే నెలలో ఒకరికి కుర్చీ వచ్చింది, ఒకరికి కుర్చీ పోయింది. అలాంటి ఇంట్లో బట్టలు ఎవరు ఉతకాలన్నది చర్చకు వచ్చే విషయం కాదు.

"వాషింగ్ మెషీన్ ఉంది. మీరు నొక్కాలి, అంతే," అంది ఆవిడ మొదటిరోజు.

"నొక్కడం నాకు తెలుసు."

"నొక్కేముందు లోపల కుట్టుకి లేబుల్ ఉంటుంది, చూడండి. దాని మీద బొమ్మలుంటాయి. అర్థం కాకపోతే అడగండి."

ఆ చివరి మాట ఆయనకు తగలకూడని చోట తగిలింది. బొమ్మలు అర్థం కాకపోవడమేమిటి? లారీ తోలేవాడికీ, చదువు రానివాడికీ, తాగినవాడికీ అర్థమయ్యేలా బొమ్మలు గీసిన చెయ్యి ఇది.

"అడగను," అన్నాడు.

అడగలేదు. లేబుల్ కూడా చూడలేదు. చేతికి దొరికిన బటన్ నొక్కాడు. అదృష్టం బాగుండి రెండు వారాలు ఏ చొక్కా చావలేదు.

తీరా చూస్తే నొక్కడం ఒక్కటే మెషీన్ వంతు. మిగతాదంతా మనిషి వంతు. జేబులు వెతకడం, తిరగేయడం, తెల్లవి రంగువి విడదీయడం, ఆరేయడం, మబ్బు పడితే తీయడం, ఎండ వస్తే మళ్ళీ వేయడం, సాక్సులకు జత వెతకడం. సాక్సులు జంటగా లోపలికి వెళ్ళి ఒంటరిగా బయటికి వచ్చేవి. ఇన్నేళ్ళూ ఈ పనులన్నీ ఎవరు చేశారన్న ప్రశ్న ఆయనకు రాలేదు. వస్తే జవాబు కూడా వస్తుంది. అందుకని మగవాళ్ళు అలాంటి ప్రశ్నలు దగ్గరికి రానివ్వరు.

ఎదురు బాల్కనీలో ఉండే పంతులమ్మ ఆయన్ని చూసి రోజూ ఒకే మాట అనేది. "దులిపి ఆరేయండి బాబాయిగారూ, ముడతలు పడవు." ఆయన మొహం ముడతలు పడేది.

మూడోవారం ఓర్చుకోలేక పాత ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ పెయింటు గది చూసేవాడు ఆయన స్నేహితుడు. పొద్దస్తమానం డబ్బాల మధ్య కూర్చుంటాడు కనుక అందరూ డబ్బాల బావ అంటారు.

"ఏం బావా, వేళ్ళు అలా నానిపోయాయి?" అన్నాడు డబ్బాల బావ.

"ఉతుకుతున్నా."

"ఎందుకు?"

"చెప్పింది."

డబ్బాల బావ లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నా పెళ్ళయిన మూడో నెలలో మా ఆవిడ పాలు చూస్తూ ఉండమంది. చూస్తూనే ఉన్నా. పొంగుతుంటే చూశా, మాడుతుంటే చూశా, గిన్నె అడుగు ఊడుతుంటే చూశా. ఇరవై ఎనిమిదేళ్ళయింది బావా. పొయ్యి మళ్ళీ నా మొహం చూడలేదు."

"తిట్టలేదూ?"

"ఒక పూట తిట్టింది. ఒక పూట తిట్టుకి ఇరవై ఎనిమిదేళ్ళ సెలవు. నీ సర్వీసులో ఏ ఆఫీసరన్నా ఇచ్చాడా ఇంత సెలవు?"

జాగ్రత్తయ్య నోరు తెరిచి ఆలోచించాడు.

"నువ్వూ ఒకటి పాడు చెయ్యి," అన్నాడు డబ్బాల బావ. "ఒక్కటే చాలు. కానీ పూర్తిగా పాడు చెయ్యి. సగం పాడు చేస్తే కూర్చోబెట్టి నేర్పిస్తారు."

మర్నాడు ఆవిడ ఎనిమిదింటికి కార్ఖానాకి వెళ్ళిపోయింది. జాగ్రత్తయ్య ఇల్లంతా తిరిగి పాడు చేయదగిన బట్ట కోసం వెతికాడు. తన చొక్కాలు పాడు చేసుకోవడం తెలివితక్కువ. ఆవిడ ఉద్యోగానికి వేసుకునేవి పాడు చేస్తే తిట్టు ఒక పూటతో ఆగదు. పడకగది కుర్చీ మీద ఒక సంచి, సంచిలో బూడిదరంగు ఊలు స్వెట్టర్ కనిపించాయి. పల్చటిది. ఆవిడ ఒంటి మీద ఆయన ఎప్పుడూ చూడలేదు. ముందువైపు ఏదో మరక కూడా ఉంది. కార్ఖానాలో తీసేసినవి అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటాయి. ఇది పోయినా ఏడ్చేవాళ్ళు లేరు.

ఇక ఎలా పాడు చేయాలన్నది మిగిలింది. ఊలు దేనికి చస్తుందో, దేనికి బతుకుతుందో ఆయనకు తెలియదు. కానీ ఒకటి తెలుసు. బోర్డు చెప్పినదానికి ఎదురెళ్ళి బాగుపడిన మనిషిని ముప్పై మూడేళ్ళలో ఆయన చూడలేదు. లేబుల్ కూడా బోర్డే. గుడ్డ మీద ఉన్న బోర్డు. అది చెప్పినదానికల్లా ఎదురు చేస్తే చాలు, స్వెట్టర్ తప్పించుకోలేదు.

కళ్ళజోడు తుడుచుకుని, బాల్కనీ వెలుతురులో లేబుల్ చదివాడు. ఐదు నిమిషాలు పట్టలేదు.

మొదటిది తొట్టి బొమ్మ. తొట్టి పైన అలలాంటి గీత. ఆయన శాఖలో అలలాంటి గీత వేస్తే ముందు రోడ్డు ఎగుడుదిగుడు. నీళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయంటే మరుగుతున్నాయనే కదా. మరిగే నీళ్ళలో వేయమంటోంది. అయితే చల్లనీళ్ళు.

తొట్టిలో ఒక చెయ్యి. చెయ్యి చూపిస్తే ఆగమని అర్థం. చిన్నపిల్లలకీ తెలుసు. చెయ్యి పెట్టకూడదు, మెషీన్‌లోనే వేయాలి. అయితే చేత్తో ఉతకాలి.

తర్వాత త్రికోణం, దాని మీద ఇంటూ గుర్తు. త్రికోణమంటే బ్లీచ్ అని భార్య ఎప్పుడో అనగా విన్నాడు. మిగతాది ఆయనకు కొట్టినపిండి. గొయ్యి పూడ్చాక త్రికోణం బోర్డు పీకి తెచ్చే ఓపిక శాఖలో ఎవరికీ ఉండేది కాదు. దాని మీదే గీతలు కొట్టేసి వచ్చేవారు. గీతలు కొట్టారంటే ప్రమాదం అయిపోయింది, నిశ్చింతగా వెళ్ళు. అంటే బ్లీచ్ నిశ్చింతగా పొయ్యమని. అయితే చుక్క కూడా పొయ్యకూడదు.

నాలుగోది చదరం, మధ్యలో అడ్డపట్టీ. అడ్డపట్టీ అంటే ప్రవేశం లేదు. అడ్డంగా పరవకూడదు, దండెం మీద వేలాడదీయాలి. అయితే పరవాలి.

చివరిది ఇస్త్రీ పెట్టె, లోపల ఒక్క చుక్క. సిగ్నల్ స్తంభంలో మొదటి దీపం ఎరుపు. ఎరుపంటే మంట. బాగా కాల్చి చేయమంటోంది. అయితే గోరువెచ్చగా. అది ఆరాక చూసుకోవచ్చు.

ఇంత స్పష్టంగా రాసిన బోర్డుని జనం ఎందుకు అడిగి తెలుసుకుంటారో ఆయనకు అర్థం కాలేదు.

బకెట్‌లో చల్లనీళ్ళు పట్టాడు. ఘాటైనది పొయ్యకూడదు కనుక ఇంట్లో అన్నిటికన్నా చప్పటిది ఏదని చూశాడు. స్నానాల గదిలో భార్య తలకు రాసుకునే షాంపూ దొరికింది. స్వెట్టర్‌కి షాంపూ పోయడంలోనే సగం చావు ఉందనిపించింది. రుద్దే ఓపిక లేక ముంచి నొక్కాడు, మళ్ళీ ముంచి నొక్కాడు. నీళ్ళలోకి లేత గోధుమరంగు దిగింది. రంగు వదులుతోందని ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

బయటికి తీస్తే ఒకప్పుడు స్వెట్టరన్న గుర్తులు లేవు. చేతులు మోకాళ్ళ దాకా జారాయి. మెడ సంచి మూతిలా వేలాడింది. తడిసిన గొర్రె వాసన వేసింది. మెలిపెట్టి పిండితే తొందరగా ఆరి ఎక్కడ బాగుపడుతుందోనని పిండలేదు. భోజనాల బల్ల మీద రెండు తువ్వాళ్ళు వేసి, వాటి మీద పరిచి, చేతులు తుడుచుకున్నాడు. సాయంత్రం ఒక పూట తిట్టు. ఆ తర్వాత జీవితాంతం పత్రిక చదువుకోవచ్చు.

పదకొండింటికి ఫోన్ మోగింది. భార్య. వెనక మెషీన్ల రొద.

"ఏమండీ, పడకగది కుర్చీ మీద సంచిలో బూడిదరంగు స్వెట్టర్ ఉంది చూడండి."

ఆయన పడకగది వైపు చూడలేదు. భోజనాల బల్ల వైపు చూశాడు.

"ఉంది," అన్నాడు.

"దాన్ని ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతా, దాని జోలికి వెళ్ళకండి."

"ఎందుకూ?"

ఆవిడ గొంతు తగ్గించింది. "అది మనది కాదండీ. శాంపిల్. కొనేవాళ్ళు చూసి ఒప్పుకున్న ముక్క. దాన్ని చూసే ఆరువేల స్వెట్టర్లు అల్లాం. రేపు పొద్దున వాళ్ళ తనిఖీ మనిషి వస్తాడు. దాన్ని పక్కన పెట్టుకుని మిగతావి చూస్తాడు. అలాంటిది ఒక్కటే ఉంది. నిన్న దాని మీద నా చేతిలో టీ ఒలికింది."

"టీ?"

"ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం వచ్చి నేనే నెమ్మదిగా ఉతుకుదామని తెచ్చా. దానికేమన్నా అయితే ఇన్‌ఛార్జి గిన్‌ఛార్జి ఉండదు. మళ్ళీ బల్ల దగ్గర నిలబడి దారాలు కత్తిరించుకోవాలి. అదీ ఉండనిస్తే."

"పొద్దున్నే చెప్పొచ్చుగా నాతో."

"చెబితే ఆ టీ గురించి నెల్లాళ్ళు అంటారు. మీ సంగతి నాకు తెలీదా? వింటున్నారా? ముట్టుకోకండి."

"ముట్టుకోను," అన్నాడు జాగ్రత్తయ్య. అబద్ధమేమీ కాదు. ఇక ముట్టుకోవడానికి ఏం మిగిలింది?

ఫోన్ పెట్టాక ఆయన పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. పదకొండేళ్ళు ఆవిడ రోజూ సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి, వాచిన పాదాలు బకెట్‌లో పెట్టుకుని కూర్చునేది. ఆ బకెట్ అడ్డమని ఆయన విసుక్కునేవాడు. ఇన్‌ఛార్జి అయినరోజు ఇంటికొచ్చి, ఇదే గదిలో, ఇదే కుర్చీలో, వెనక్కి ఆనకుండా నిటారుగా కూర్చుంది. ఏం చేస్తున్నావంటే "అలవాటు చేసుకుంటున్నా" అంది. ఆయనకు అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రాలేదు.

వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం ఉంది. నడుపుతున్న పెద్దాయన్ని వీధి వీధంతా ఆవిరి మామయ్య అంటుంది. జాగ్రత్తయ్య చెప్పులు మారిపోయాయని కూడా చూసుకోకుండా వెళ్ళాడు.

"మామయ్యా, ఒక మాట. లేబుల్ చెప్పినదానికి ఎదురు ఉతికితే ఊలు స్వెట్టర్ ఏమవుతుంది?"

"ఎవరిది?"

"తెలిసినవాళ్ళది."

ఆవిరి మామయ్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. ఆయన దుకాణానికి వచ్చేవాళ్ళంతా తెలిసినవాళ్ళ గురించే అడుగుతారు. "ఎంత ఎదురు?"

"అన్నీ ఎదురే. ఒక్కటి వదల్లేదు."

"అయితే తడిగా ఉన్నంతసేపే ఆశ. ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. ఆఖరికి బొమ్మకు తొడగాలి. బొమ్మ ఉందా వాళ్ళింట్లో?"

"లేదు."

"కొనుక్కోమను."

"ఆపే దారి లేదా?"

"ఆరనివ్వకుండా ఉంచమను."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళు దాచాలనుకుంటే అన్నాళ్ళు," అని ఆవిరి మామయ్య ఇంకో చొక్కా అందుకున్నాడు.

ఇంటికి వచ్చాడు. ఫ్యాను తిరుగుతోంది. ఆరితే ముడుచుకుంటుందని ఫ్యాను ఆపాడు. ఆరకపోతే రేపు పొద్దున తడి శాంపిల్‌తో ఎలా వెళ్తుందని ఫ్యాను వేశాడు. ఆపాడు. వేశాడు. ఎదురు బాల్కనీలోంచి పంతులమ్మ పిల్లవాడితో "ఆ ఇంట్లో కరెంటు వస్తూ పోతూ ఉంది" అనడం వినిపించింది.

చివరికి తడి తువ్వాళ్ళు తీసి పొడివి వేసి అదిమాడు. ఆ పొడివి తడిశాక ఇంకో రెండు. ఇంట్లో తువ్వాళ్ళు అయిపోయాయి. తన పంచె తెచ్చి అదిమాడు.

అప్పుడు కొలత టేపు తీశాడు. రోడ్డు మీద గీతలు గీసేవాడు కొలవకుండా ఉండలేడు. స్వెట్టర్ వెడల్పు ఇరవై మూడున్నర అంగుళాలు. అంచుల చుట్టూ బల్ల మీద సుద్దముక్కతో గీత గీశాడు. ఇక ఇది ఎటు కదిలినా తెలుస్తుంది.

పన్నెండున్నరకి చూస్తే గీతకీ స్వెట్టర్‌కీ మధ్య అర అంగుళం ఖాళీ. ఇరవై మూడు. ఆవిరి మామయ్య మాట నిజమవుతోంది. రెండో గీత గీశాడు.

రెండింటికి ఇరవై రెండున్నర. మూడో గీత. మోకాళ్ళ దాకా జారిన చేతులు పైకి ఎక్కుతున్నాయి. మెడ మూసుకుంటోంది. బల్ల మీద మూడు గీతలు, ఎండిపోతున్న చెరువు నీటి అంచుల్లా. ఆయన అన్నం తినలేదు. తినడానికి బల్ల కూడా లేదు.

మూడింటికి ఇరవై రెండు. ఈ లెక్కన రేపు పొద్దున తొమ్మిదింటికి ఎంతవుతుందో కాగితం మీద వేసి చూశాడు. పదమూడు వచ్చింది. ఆ కాగితం చింపేశాడు. పదమూడు అంగుళాల స్వెట్టర్ పక్కన పెట్టుకుని ఆరువేల స్వెట్టర్లు చూసే తనిఖీ మనిషి మొహం ఊహించుకున్నాడు. ఆ మొహం ముందు చేతులు కట్టుకుని నిలబడిన భార్యను కూడా ఊహించుకున్నాడు. చేతికి మళ్ళీ కత్తెర. కాలికి మళ్ళీ బకెట్.

మూడున్నరకి మళ్ళీ ఆవిరి మామయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"మామయ్యా, ఒకసారి ఇంటికొచ్చి చూడు."

"తెలిసినవాళ్ళది కదా అన్నావు."

"నేనే ఆ తెలిసినవాణ్ణి."

"అది తెలుస్తూనే ఉంది," అన్నాడు ఆవిరి మామయ్య. "పోయినదాన్ని చూడ్డానికి నేను రాను బాబూ. చేతిలో పదహారు చొక్కాలున్నాయి. ఇంట్లో ఆవిడ కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకో."

జాగ్రత్తయ్య అక్కడే గంటసేపు నిలబడ్డాడు. పదహారు చొక్కాలూ అయిపోయాయి గానీ ఆవిరి మామయ్య కదల్లేదు.

తిరిగి వచ్చేసరికి వీధి తలుపు తీసి ఉంది. గుమ్మంలో భార్య చెప్పులు. ఐదున్నరకి రావలసిన మనిషి.

భోజనాల బల్ల మీద స్వెట్టర్ లేదు. మూడు సుద్ద గీతలు మాత్రమే ఉన్నాయి. రోడ్డు మీద ప్రమాదం జరిగాక శవాన్ని తీసేస్తే అలాగే మిగులుతాయి. అలాంటివి ఆయన చాలా చూశాడు. ఇంట్లో చూడటం ఇదే మొదలు.

భార్య కుర్చీలో కూర్చుని ఉంది. నిటారుగా, వెనక్కి ఆనకుండా. మొహంలో ఏమీ లేదు.

"చెప్పండి," అంది.

ఆయన నిలబడే ఉన్నాడు. నీళ్ళు తాగుదామనుకున్నాడు. గ్లాసు ఆవిడ పక్కన ఉంది.

"పొరపాటున ఉతికా," అన్నాడు.

"పొరపాటున?"

"అంటే... తెలిసే ఉతికా. శాంపిల్ అని తెలీదు. ఒట్టు."

"ఇంకా?"

"పాడు చేద్దామనే ఉతికా. ఒకటి పాడు చేస్తే ఇక ఉతకమనవని. అది నా ఆలోచన కాదే, డబ్బాల బావ చెప్పాడు. వాడు పాలు మాడబెట్టాడట."

"ఇంకా?"

"లేబుల్ చదివి మరీ ఎదురు చేశా. ఒక్కటి వదల్లేదు. నీ షాంపూ కూడా పోశా."

"ఇంకా?"

ఇంకా ఏమీ లేదు. కానీ ఆవిడ మొహంలో అలాగే ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనం ముందు నిలబడటం ఆయన వల్ల కాలేదు. ఆవిడ ఉద్యోగం పోగొట్టిన మనిషి ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. దగ్గరున్నవి పాత తప్పులే.

"మీ అన్నయ్య ఇచ్చిన గోడ గడియారం దానంతటది పడలేదు. నేనే పడేశా. గంటగంటకీ అరిచేది."

"ఇంకా?"

"బీరువా జరపమన్నరోజు నడుం నొప్పి అన్నాను చూడు. రాలేదు."

"ఏ బీరువా? పాతదా, కొత్తదా?"

"రెండూ."

"ఇంకా?"

"కూరల చీటీ దారిలో పడిపోయిందని మూడుసార్లు చెప్పా. పడిపోలేదు. బరువెక్కువని జేబులోనే ఉంచుకున్నా. నీ గులాబీ కుండీకి నీళ్ళు... నువ్వు ఊళ్ళో లేని వారం..."

"చీడ పట్టిందన్నారు."

"పట్టలేదు."

ఆవిడ లేచింది. పడకగదిలోకి వెళ్ళింది. ఆయన గోడ పట్టుకున్నాడు. పెట్టె సర్దుకుంటోందేమో అనుకున్నాడు. లోపల బీరువా తలుపు చప్పుడైంది. కొత్త బీరువాది.

రెండు చేతుల మీద స్వెట్టర్ పరుచుకుని బయటికి వచ్చింది.

బూడిదరంగు స్వెట్టర్. మరక లేదు. మెడ గుండ్రంగా ఉంది. చేతులు చేతులంత ఉన్నాయి. ఆవిడ కొలత టేపు తీసి, ఆయన చూస్తుండగా, వెడల్పు కొలిచింది. ఇరవై రెండు అంగుళాలు.

"శాంపిల్ కొలత ఇరవై రెండే," అంది. "తడిసినప్పుడు బరువుకి సాగుతుంది. ఆరితే తన కొలతకి తను వస్తుంది."

జాగ్రత్తయ్య కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాడు. "మరి ఎదురు చేశా కదా?"

"లేబుల్ ఎలా చదివారో చెప్పండి."

చెప్పాడు. మరిగే నీళ్ళు, ఆగమనే చెయ్యి, పూడ్చేసిన గొయ్యి, ప్రవేశం లేని పట్టీ. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. రెండుసార్లు పెదవి కొరుక్కుంది.

"అది అల కాదు, నీళ్ళు. చెయ్యి ఉంటే చేత్తో ఉతకమని. త్రికోణం కొట్టేస్తే బ్లీచ్ వద్దని. చదరంలో అడ్డగీత ఉంటే పరిచి ఆరబెట్టమని. ఇస్త్రీ పెట్టెలో ఒక్క చుక్కంటే తక్కువ వేడి."

"అంటే నేను..."

"తలకిందులుగా చదివారు. తలకిందులుగా చేశారు. రెండుసార్లు తలకిందులైతే మనిషి కాళ్ళ మీదే నిలబడతాడు."

ఆయన ఆ స్వెట్టర్ అంచు వేళ్ళతో పట్టి చూశాడు. ఆ తర్వాత ఇంకో సంగతి నెమ్మదిగా తలకెక్కింది.

"నువ్వు ఎప్పుడొచ్చావ్?"

"నాలుగింటికి. మనసు ఆగక సెలవు చెప్పి వచ్చా. వచ్చి చూస్తే ఉతికి పరిచి ఉంది. గుండె ఆగిపోయింది. చేత్తో పట్టుకున్నా, బాగుంది. కొలిచా, సరిపోయింది. మరక కూడా పోయింది."

"అన్నీ బాగుంటే ఆ మొహం ఎందుకు పెట్టావ్?"

"మీరు కొలతలు తీసి మూడు గీతలు గీశారంటే ఏదో చేశారని అర్థమైంది. ఏం చేశారో తెలీలేదు. చెప్పండి అన్నాను. మీరే చెప్పారు." ఆవిడ స్వెట్టర్ తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల మీద వేసింది. "గడియారం సంగతి నాకు నిజంగా తెలీదు."

ఆ సాయంత్రం ఇస్త్రీ కూడా ఆయనే చేశాడు. గోరువెచ్చగా. ఆవిడ పక్కన నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. ఆయనకు డబ్బాల బావ చెప్పిన ఒక పూట తిట్టు మీద మొదటిసారి ఆశ పుట్టింది. ఆ తిట్టేదో తిట్టేస్తే బాగుండును.

మర్నాడు ఆవిడ స్వెట్టర్ సంచిలో పెట్టుకుని వెళ్ళింది. జాగ్రత్తయ్య తొమ్మిది నుంచి ఫోన్ పక్కనే కూర్చున్నాడు. పదకొండు దాటింది. తనిఖీ మనిషికి షాంపూ వాసన వచ్చిందేమో. రంగులో తేడా కనిపెట్టాడేమో. తను చూడని చోట ఏదైనా పోగు లేచిందేమో. పన్నెండుకి రెండుసార్లు ఫోన్ ఎత్తి, పనిచేస్తోందో లేదో చూసి పెట్టాడు.

పన్నెండున్నరకి మోగింది.

"అయిపోయింది," అంది ఆవిడ.

"ఏమైపోయింది?"

"తనిఖీ. పాసైంది. ఆరువేలూ పాసయ్యాయి. మా మేనేజరు నా కుర్చీ దగ్గరికే వచ్చి చెప్పాడు."

జాగ్రత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు బాగానే ఉన్నాయి.

"మంచిది," అన్నాడు. "చాలా మంచిది. ఇక కుదురుగా కూర్చో. వెనక్కి ఆనుకుని కూర్చో."

"ఆనుకునే ఉన్నా. ఇంకో మాట. శాంపిల్ అంటే ఇంత శుభ్రంగా ఉంచాలి అన్నాడట తనిఖీ మనిషి. మా మేనేజరు దాంతో ఉబ్బిపోయి, స్టోరు గదిలో దుమ్ము పట్టిన పాత శాంపిళ్ళు ఉంటే అన్నీ ఉతికించమన్నాడు. పద్నాలుగున్నాయి. నేను తెస్తున్నా."

"ఎక్కడికి?"

"ఇంటికి."

"నాకు లేబుళ్ళు చదవడం రాదని నిన్నే తేలింది కదే."

"తేలింది. అందుకే మీకు. ఒక్కటే మాట, జాగ్రత్తగా వినండి. నేర్చుకోకండి. మీరు చదివినట్టే చదవండి, దానికి ఎదురు చేయండి. మధ్యలో తెలివి ఉపయోగించారంటే నా ఉద్యోగం పోతుంది."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

జాగ్రత్తయ్య అలాగే కూర్చున్నాడు. నిన్న ఆవిడ ఆ బొమ్మల అసలు అర్థాలు ఐదూ వరసగా చెప్పేసింది. పాడు బుర్ర, ఐదూ ఎక్కించుకుంది. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా మరిచిపోవాలి. ఐదున్నర లోపల.